పైడిరాజు కారు షెడ్డులో ఇంటిపెద్ద

గాజువాక దగ్గరి ఆ కాలనీలో, ఇంట్లో దేన్నయితే ఎవరూ కదపలేరో అదే ఇంటిపెద్ద గనుక, బొడ్డేటి పైడిరాజు కారు షెడ్డులోకి పాత లేత్ మిషను దిగిన రోజే ఆయన భార్య నూకరత్నం పదవి పోయింది.

అంతవరకూ ఆ హోదా ఆమెదే. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుందంటే ఆమెను లేపడం ఎవరి తరం? పైడిరాజుకు మాత్రం ఆ హోదా మీద ఆశ ఎన్నడూ లేదు. పాలకూ కూరలకూ కరెంటు ఆఫీసుకూ తిరిగేది ఆయనే. అంత తిరిగే మనిషిని ఇంటిపెద్ద అని ఎవరంటారు?

మూతపడ్డ కార్ఖానాలో ఆయన వయసంతా ఆ లేత్ ముందే గడిచింది. దాన్ని తుక్కు కింద అమ్మేస్తున్నారని విని, ప్రాణం ఒప్పక తెచ్చుకున్నాడు. దాని మీద మరొక్క ఇనప కమ్మీ తన చేత్తో నునుపు తీయాలి. ఆయన కోరికల్లా అదొక్కటే. లారీ మీంచి చైన్ కప్పీతో దించి, కింద పైపులు వేసి దొర్లిస్తూ, పలుగులతో ఎత్తుతూ, నలుగురు కూలీలు చెమటలు కక్కి దాన్ని షెడ్డులోకి చేర్చారు.

అప్పుడు పైడిరాజు కార్మికుడు మాత్రమే చేయగల తప్పు చేశాడు. మిషను మీద చెయ్యి వేసేముందు, డ్యూటీ ఎక్కే అలవాటు చొప్పున, వంగి దానికి దండం పెట్టాడు. ఇంటిపెద్దల లెక్క చూసే వార్డు ఆఫీసరు తులసీరావు సరిగ్గా అప్పుడే గేటు దగ్గరున్నాడు.

"ఇంటిపెద్దకి కాక ఇంకెవులికి దణ్ణమెడతారు?" అంటూ వచ్చి తులసీరావు లేత్‌ను తోసి చూశాడు. అది కదల్లేదు. "అయిపోనాది. పెద్దరికం దీనిదే."

"నా పెద్దరికం ఇనప ముక్కకి ఇచ్చెస్తారేటి?" అని నూకరత్నం విసురుగా లేచి నిలబడింది. లేచింది కాబట్టి ఆమె అభ్యంతరం చెల్లలేదు.

ఆనాటి నుంచి కుళాయి బాగుచేయాలన్నా, పేరంటానికి వెళ్లాలన్నా లేత్‌ను అడిగేవారు. అది వద్దనదు కనుక సరేనన్నట్టే. పెళ్లి పిలుపులకు వచ్చినవాళ్లు దానికి బొట్టు పెట్టి, శుభలేఖ దాని మీదుంచి, "పెద్దలు తప్పక రావాలి" అని చెప్పి వెళ్లేవారు. నిజం చెప్పొద్దూ, ఆ ఇల్లు అంత ప్రశాంతంగా మునుపెన్నడూ లేదు.

పైడిరాజు తన పని తను చేసుకుపోయాడు. కిరసనాయిలుతో కడిగి, ఉప్పుకాగితంతో తుప్పు గీకి, బిగుసుకుపోయిన గేర్లకు నూనె పట్టించాడు.

"జాగర్త పైడిరాజు గారూ! అది తిరిగిందంటే కదిలినట్టే. పెద్దరికం పోద్ది. పెద్దోల్ని పనిలో పెడితే తప్పు కాదేటి?" అని తులసీరావు హెచ్చరించాడు.

"తిరక్కపోతే అది లేత్ ఎలాగవుద్ది బాబూ?"

పెద్దరికం పోద్దన్న మాటకు నూకరత్నం ప్రాణం లేచి వచ్చింది. మర్నాటి నుంచి ఆమే పక్కన చేరి నట్లు అందించింది. ఏ లివరు ఎందుకో గుచ్చి గుచ్చి అడిగి నేర్చుకుంది.

మోటారు బిగించిన రోజు తులసీరావు సాక్షిగా వచ్చాడు. పైడిరాజు స్విచ్చి నొక్కాడు. లేత్ ఒక్కసారి మూలిగి, గొంతు సవరించుకుని, ఆయన వయసునాటి మోత అందుకుంది. ఆయనకు కళ్లనీళ్లు ఆగలేదు. సంతోషంతో అలాగే స్టూలు మీద కూలబడ్డాడు.

లేత్ పదవి పోయింది. ఖాళీ ఎవరితో నింపాలా అని తులసీరావు చుట్టూ చూశాడు. నూకరత్నం పట్టలేని సంబరంతో షెడ్డంతా తిరుగుతోంది. ఆయన పైడిరాజు భుజం పట్టి తోశాడు. పైడిరాజు కదల్లేదు.

"శుభం. ఇంక మీరే ఇంటిపెద్ద."

"అలాగే గానీ, ముందు ఓ కమ్మీ నునుపు తీసుకుంటాను," అని పైడిరాజు లేవబోయాడు.

"కూకోండి! లెగిస్తే ఇంటికి పెద్దదిక్కుండదు," అన్నాడు తులసీరావు.

"ఇన్నాల్లకి నీకో గౌరవమొచ్చినాది మావా, పాడుచేసుకోకు," అంటూ నూకరత్నం కొంగు బిగించి లేత్ ముందు నిలబడింది. అరుగు సంగతి మళ్లీ ఆమెకు గుర్తు రాలేదు.

ఇప్పుడు చుట్టుపక్కల ఆటోలకు లేత్ మీద బుష్‌లు చెక్కి ఇచ్చేది ఆమే. దసరాకు లేత్‌ను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కట్టింది. మిగిలిన కుంకుమ మొగుడి నుదుట పెట్టి, మోకాళ్లకు రెండు చుక్కలు నూనె వేసి, వంగి దండం పెట్టింది. శుభలేఖలు ఇప్పుడు ఆయన ఒళ్లో పెడుతున్నారు.

తన స్టూలు లేత్ పక్కనే కదా, అందుతుందేమోనని పైడిరాజు చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు మావా, నీ మర్యాదేటవుద్ది?" అంది ఆమె ప్రేమగా.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ వీధిలో మాత్రం ఏ ఇంటిపెద్ద చేతికి పని చెబుతున్నారు గనుక!