గడువు తేదీ చూసి కొన్న ట్యూనా

ఆదివారం పొద్దున ఫార్మసిస్టుగారి పథకం చాలా చిన్నది. రెండు ట్యూనా టిన్నులు విప్పడం, కట్లెట్లు చేయడం, ఒంటిగంటకు వచ్చే అత్తగారి చేత "బాగుంది" అనిపించుకోవడం.

మొదటి రెండు పనులూ ఎవరైనా చేస్తారు. మూడోదే తొమ్మిదేళ్ళుగా కుదరడం లేదు. అత్తగారు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ముప్పై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దినా ఎవరికీ వందకు వంద వేసి ఎరగరు. అల్లుడి ఉద్యోగం, ఇల్లు, కొత్త సోఫా, అన్నిటికీ ఆవిడ ఇచ్చిన మెప్పు ఒక్కటే: "ఫరవాలేదు." ఆ మాట విన్నప్పుడల్లా ఆయన పైకి నవ్వేవాడు గానీ లోపల ఉసూరుమనేది.

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే భార్యకు ఆ రోజు డ్యూటీ. వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ మీద చీటీ అతికించింది. రెండు టిన్నులు, నాలుగు బంగాళాదుంపలు, ఒక ఉల్లిపాయ, చెంచాడు ఉప్పు. కింద "రుచి చూసుకోండి" అని రాసి, రెండు గీతలు కూడా గీసింది.

టిన్నులు ఆయన ముందురోజే కొన్నాడు. షాపులో ట్యూనా మూడు రకాలుంది. నూనెలోది, మామూలు నీళ్ళలోది, ఉప్పునీళ్ళలోది. ఆయన అవేవీ చదవలేదు. ఇరవై ఏళ్ళుగా మందులమ్మే మనిషి, డబ్బా చేతికి రాగానే తిప్పి చూసేది గడువు తేదీ ఒక్కటే. అన్నిటికంటే ఎక్కువ గడువున్న టిన్నులు రెండు ఏరి తెచ్చుకున్నాడు. అవి ఉప్పునీళ్ళవి.

వండేటప్పుడు రుచీ చూడలేదు. తానిచ్చే మందు ఏనాడైనా రుచి చూశాడు గనకనా? టిన్నులో నీళ్ళు పారబోయడానికి మనసొప్పక వాటినీ గిన్నెలోనే పోశాడు. ముద్ద జారైతే రొట్టెపొడి కలిపాడు. ఆపైన చీటీ ప్రకారం చెంచాడు ఉప్పు, తలగొట్టి మరీ వేశాడు. పదకొండింటికల్లా పన్నెండు కట్లెట్లు ఎర్రగా వేగాయి. వాటిని చూసుకుని మురిసిపోయి, ఎదురింటి సంగీతం టీచరమ్మను పిలిచి ఒకటి చేతిలో పెట్టాడు.

ఆవిడ కొరికి కళ్ళు మూసుకుంది. తన్మయత్వం కాబోలనుకున్నాడాయన.

"నీళ్ళు," అంది టీచరమ్మ.

మూడో గ్లాసు తర్వాత గానీ ఆవిడ గొంతు పెగల్లేదు. "అన్నయ్యగారూ, వేపుడు భలే కుదిరింది. కాకపోతే చేపతోపాటు సముద్రాన్ని కూడా తెచ్చినట్టున్నారు."

ఆయన ఒకటి పూర్తిగా తిని, భార్యకు ఫోన్ చేశాడు.

"ఏ టిన్ను కొన్నారు?" అందామె.

"రెండేళ్ళు గడువున్నది."

"అది కాదండీ! దేంట్లో నానేసింది?"

ఆయన చెత్తబుట్టలోంచి టిన్ను తీసి మొదటిసారి చదివాడు. "ఉప్పునీళ్ళలో."

"రుచి చూడమని రాశానుగా?"

"పైన కొలత రాశావుగా!"

అవతల నిట్టూర్పు వినిపించింది. టీచరమ్మకే జాలేసింది. "పారేయకండి, నాకివ్వండి. ఏదో ఒకటి చేస్తాలే," అంటూ మిగిలినవి పట్టుకెళ్ళింది.

ఆయన తాళం వేసి షాపుకు పరుగెత్తాడు. నీళ్ళ ట్యూనా చిన్న టిన్నులు అయిపోయాయి. హోటళ్ళవాళ్ళు కొనే రెండు కిలోల డబ్బా ఒక్కటి మిగిలింది. అది పద్నాలుగు చిన్న టిన్నుల పెట్టు. చీటీ లెక్కన దానికి ఇరవై ఎనిమిది బంగాళాదుంపలు కావాలి. ఆయన అలాగే కొని, సంచీ చేత పట్టి, డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. సగంలో ఓపెనర్ విరిగితే మిగతా మూత పటకారుతో పీకాడు. విప్పాక దాచరాదని డబ్బా మీద ఉంది. ఇప్పుడు ఆయన అన్నీ చదువుతున్నాడు. కుక్కరు, పాలగిన్నె, టీ గిన్నె, అన్నీ బంగాళాదుంపలతో నిండాయి. చేపను మూడుసార్లు కడిగాడు. ఉప్పు డబ్బా వైపు కన్నెత్తి చూడలేదు. ఈసారి రుచి చూశాడు గానీ, ఇందాకటి కట్లెట్టు దెబ్బకు నాలుకకు ఇంకా అంతా ఉప్పుగానే ఉంది.

రెండింటికి ఎనభై నాలుగు కట్లెట్లు తయారయ్యాయి. పళ్ళేలు చాలక సోఫా మీద కాగితాలు పరిచి ఆరబెట్టాడు. అత్తగారు మాత్రం రాలేదు. అప్పుడు బెల్లు మోగింది.

గుమ్మంలో అత్తగారు, వెనక టీచరమ్మ.

"పన్నెండుకే వచ్చాను బాబూ. మీ తలుపు తాళం వేసుంది. ఈ అమ్మాయి లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. చప్పటి రొట్టె మధ్యలో చేప కట్లెట్టు, కీరా ముక్కలు పెట్టి, నిమ్మకాయ పిండి ఇచ్చింది. తిని అక్కడే కునుకు తీశాను. బాగుంది బాబూ. ఎంత బాగుందో చెప్పలేను."

ఫార్మసిస్టుగారు తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన మాట. అదీ తన కట్లెట్టుకే. చేరింది మాత్రం ఎదురింటికి.

"పిన్నిగారూ, అవి మీ అల్లుడుగారు చేసినవేనండీ," అంది టీచరమ్మ.

అత్తగారు నవ్వారు. "నీది మంచి మనసమ్మా. ఎదురింటాయన్ని వెనకేసుకొస్తున్నావు."

"నిజమే అత్తయ్యగారూ, అవి..."

"మొహమాటం దేనికి బాబూ?" అంటూ ఆవిడ సోఫా మీంచి ఒకటి తీసి కొరికారు. నిదానంగా నమిలారు. పేపరు దిద్దుతున్నంత శ్రద్ధగా ఆలోచించారు.

"ఉప్పే లేదు. అయినా ఫరవాలేదు. ఈ అమ్మాయి దగ్గర నేర్చుకోండి. ఏమ్మా, నేర్పుతావా?"

టీచరమ్మ ఆయన వైపు చూసింది. ఆయన ఎనభై మూడు కట్లెట్ల వైపు చూసి, తలూపాడు.

తర్వాతి ఆదివారం ఆయన రెండు ఉప్పునీళ్ళ టిన్నులతో ఎదురింటికి వెళ్ళి, ఆ కట్లెట్లు ఎలా చేయాలో టీచరమ్మకు నేర్పి, తాను నేర్చుకున్నట్టు అత్తగారికి ఫోన్ చేసి చెప్పాడు.