కారు కింద అత్తగారి చెంబు

పదింటికి పరీక్ష, పదకొండింటికి ఉద్యోగం ఖాయం, పన్నెండింటికి పాయసం. ఆ శుక్రవారం పొద్దున భక్తవత్సలం వేసుకున్న లెక్క ఇదీ. చెన్నై పక్క మనలిలో అతను చూసుకునే కాలనీకి నగరం కరెంటుతో పొత్తు లేదు. నలభై ఇళ్లకూ మిద్దెల మీది సోలార్ పలకలే దిక్కు. మబ్బు పడితే కంపెనీవారి హైడ్రోజన్ కారుకు తీగ తగిలించి ఆ లోటు పూడ్చాలి. అధికారి ముందు ఆ పని సవ్యంగా చేసి చూపిస్తే మూడేళ్ల టెంపరరీ బతుకు తీరిపోతుంది. అదృష్టం కొద్దీ మబ్బు కూడా పట్టింది.

కారు కరెంటు పుట్టిస్తూ వెనక గొట్టం నుంచి నీటిచుక్కలు వదలడం అత్తగారు వాసవాంబ కంట పడింది.

"ఏమప్పా, ఈ నీళ్లు యాడ్నించి వస్తా ఉండాయి?"

"లోపలే పుడతాయత్తా. ఎవురి చెయ్యీ తగల్లేదు," అన్నాడు మీటరు మీంచి కన్ను తీయకుండా. నోరు జారడమంటే అదే.

పదిమంది ముట్టిన ట్యాంకరు నీళ్లతో ఇన్నాళ్లూ దేవుడికి అభిషేకం చేస్తున్నందుకు కుమిలిపోతున్న ఆవిడకు ఇంతకన్నా మడినీళ్లు ఎక్కడ దొరుకుతాయి? వెంటనే గొట్టం కింద చెంబు పెట్టింది. పదిన్నరకు రాహుకాలం, అంతకుముందే చెంబు నిండాలి. చుక్కలదేమో నత్తనడక. ఈలోగా పిండి రుబ్బుదామని ఇంట్లో గ్రైండరు వేసి వచ్చేసరికి చుక్కలు సన్నటి ధారయ్యాయి. వాడకం పెరిగితే నీళ్లూ పెరుగుతాయని ఏ కాలేజీకీ వెళ్లకుండానే ఆవిడకు బోధపడింది.

"కలైసెల్వీ, మీ గ్రైండరూ వెయ్యి మే. అభిషేకానికి. పుణ్యం వస్తాది," అంది పక్కింటామెతో.

పుణ్యం ఊరికే వస్తుంటే ఎవరు కాదంటారు? ఐదు నిమిషాల్లో కాలనీలోని మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, గీజర్లు ఒక్కసారిగా మేలుకున్నాయి. మీటరు ఎగబాకడం చూసి భక్తవత్సలం పరుగు తీశాడు.

"ఆపండమ్మా, నా ఉద్యోగం పోతాది," అంటూ ఇల్లిల్లూ తిరిగి స్విచ్చులు కట్టేశాడు. ధార సన్నబడింది. వాసవాంబ కేకేసింది. అన్నీ మళ్లీ మోగాయి. అతను తూర్పు వరస ఆపితే పడమటి వరస అందుకుంది. సరిగ్గా ఆ రభసలోనే అధికారి నీహారిక వచ్చి, మీటరు ముందు నిలబడి, మాట్లాడకుండా ఏదో రాసుకోసాగింది.

పదీ ఇరవై ఐదుకు చెంబు నిండింది. నలభై ఇళ్లూ ఒక్కసారే నిశ్శబ్దమయ్యాయి.

"కరెంటు లోడు ఇలా ఎక్కించి దించింది ఎవరండీ?" అని అడిగింది నీహారిక.

ఉద్యోగం దక్కాలంటే నిందను ఎవరో ఒకరి మీదికి తొయ్యాలి. భక్తవత్సలం క్షణం ఆలోచించలేదు.

"మా అత్తే మేడం. అంతా ఆమె పనే. నాకేం సమ్మంధం లేదు."

నీహారిక నోట్‌బుక్కు మూసింది. "ఇంత ఎగుడుదిగుళ్లలోనూ ఒక్క ఇంట్లో లైటు మిణుకుమనలేదు. ఇంత గట్టి పరీక్ష పెట్టించడానికి వేరేచోట మేం నెల రోజులు తంటాలు పడ్డామండి. ఆవిణ్ణి ఒకసారి పిలుస్తారా?"

భక్తవత్సలం వెళ్లి అత్తను పిలుచుకొచ్చాడు.

కాలనీలో లోడు చూసే పర్మనెంటు ఉద్యోగం వాసవాంబకు వచ్చింది. అల్లుడి సెలవు చీటీల మీద ఇప్పుడు ఆవిడే సంతకం చేస్తోంది.