సీత గోడకు పట్టిన అదృష్టం

సూరత్ తెలుగువారికి తెలియజేయునది ఏమనగా, ఉధ్నాలో రైల్వే గుమాస్తా గురుమూర్తి గారి అద్దె ఇంటి ముందుగది గోడ ఇకమీదట గోడ కాదు, అభిరుచి. దాని మీద మేకు కొట్టరాదు, చెయ్యి ఆనించరాదు, ముఖ్యంగా రంగు వేయరాదు.

ఈ గౌరవం ఆ ఇంటి ఇల్లాలు సీత కోరుకున్నది కాదు. పదిహేనేళ్ళ కిందట ఇంటివాడు చౌకగా దొరికిందని చిలకపచ్చ కొట్టించాడు. ఆ తర్వాత ఏటా వానకి పైకప్పు కారింది, కుక్కర్ ఆవిరి పట్టింది, కింద మరమగ్గాల దుమ్ము అంటుకుంది. తలో చెయ్యీ వేయగా చిలకపచ్చ కాస్తా నీరసించి, జ్వరం పడి లేచిన ఆకులా తయారైంది. సీతకి ఆ గోడంటే సిగ్గు. ఇంటికెవరైనా వస్తే వాన మరకకి వీపు ఆనించి నిలబడేది, వాళ్ళు వెళ్ళేదాకా కదిలేది కాదు. మీగడ రంగు వేయించమని ఆమె ఏటా అడిగేది, వచ్చే దసరాకి చూద్దామని గురుమూర్తి ఏటా అనేవాడు. ఈ ఏడు ఏ దేవుడు కరుణించాడో, ఇంటివాడు సరేనన్నాడు, పెయింటరు లక్ష్మీరాజం సోమవారం వస్తానన్నాడు. సీత శనివారమే గోడ మీది క్యాలెండరు తీసేసింది.

ఆదివారం త్రివిక్రమరావు గారు వేంచేశారు. హజీరాలో ఒక పెద్ద కంపెనీ మేనేజరు, తెలుగు సంఘం అధ్యక్షులు. వార్షికోత్సవానికి పిలవడానికి వచ్చినవారు గోడని చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆయన శ్రీమతి కోమలి మూడు నెలలుగా హాలుకి సేజ్ గ్రీన్ అనే లేతపచ్చ కోసం అలమటిస్తున్నారు. పదకొండు నమూనాలు కొట్టించి పదకొండూ వద్దన్నారు. ఒకటి మరీ పచ్చన, ఒకటి మరీ బూడిద, ఇంకొకటి చూస్తే అత్తగారు గుర్తొస్తున్నారట.

"గురుమూర్తి గారూ! ఎంత వినయం, ఎంత సంస్కారం ఉన్న రంగండీ ఇది! ఇన్నేళ్ళూ మాతో ఒక్క మాటైనా అనలేదే!"

మేనేజరు స్థాయి మనిషి తనను మెచ్చుకోవడం గురుమూర్తికి జీవితంలో అదే మొదలు. "ఏదో మా అభిరుచి సార్" అనేశాడు.

"రేపు రంగు వేయిస్తున్నామండీ అన్నయ్యగారూ" అంది సీత, మొగుడి వంక మింగేసేలా చూస్తూ.

"అంతమాట అనకమ్మా!" అన్నారు ఆయన, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఆ సాయంత్రమే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. రంగు జాడ దొరికేవరకు గోడను ముట్టరాదనీ, ఆ ఇంట్లో వేపుళ్ళు చేయరాదనీ తీర్మానించింది. పల్సానా డైయింగ్ మిల్లులో చీరల రంగులు కలిపే మాస్టరు సురేశ్ ని పిలిపించారు. ఆయన గోడని ఎండలో చూశాడు, ట్యూబులైటులో చూశాడు, ఓ పెచ్చు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఆరో ప్రయత్నంలో రంగు కుదిరింది. దానికి 'ఉధ్నా ప్రశాంతి' అని నామకరణం చేశారు. పగలూ రాత్రీ మగ్గాలు మోగే ఉధ్నాలో ప్రశాంతి ఎక్కడుందని ఎవరూ అడగలేదు.

అంతకుముందే, సోమవారం బకెట్లతో వచ్చిన లక్ష్మీరాజాన్ని సంఘంవారు గుమ్మంలోనే పట్టేసుకున్నారు.

"జర ఓపిక పట్టు అక్కా. హజీరా సార్ల ఇండ్లు పద్నాలుగున్నయి. అవి అయినంక నీదే" అన్నాడు అతను. "గీ రంగుల ఏముందో నాకైతే సమజ్ గాలే."

హజీరా సార్లంతా ఇంజనీర్లు కదా, అసలుకీ నకలుకీ వెంట్రుకవాసి తేడా ఉండరాదని ఫోటోలు తీసి, కొలతలు రాసి ఇచ్చారు. లక్ష్మీరాజం నమ్మకస్తుడు. వాన మరకనీ, క్యాలెండరు తీసిన చోట మిగిలిన చిలకపచ్చ చదరాన్నీ కూడా ఉన్నదున్నట్టు దించాడు.

కోమలి గారింట్లో గోడ ఆవిష్కరణకి సీతనీ పిలిచారు. రిబ్బను కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. సీత లోపలికి అడుగుపెట్టి, పదిహేనేళ్ళ అలవాటు కొద్దీ తిన్నగా వెళ్ళి మరకకి వీపు ఆనించి నిలబడింది.

"కాస్త జరగండి సీతగారూ" అన్నారు కోమలి. "అసలు అందమంతా అక్కడే ఉంది."

సీతకి నవ్వు రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అభిరుచి గల మనిషి, చలించిపోయిందని అందరూ మెచ్చుకున్నారు.

పద్నాలుగు ఇళ్ళు ఇప్పుడు నలభై అయ్యాయి. ఇంటివాడు కూడా గోడని ముట్టుకోవద్దని కబురు పెట్టాడు. ఈ సంగతి విన్నవారెవరూ సీత గోడకి మీగడ రంగు పడిందా అని ఇంతవరకు అడగలేదు. అందరూ ఆ లేతపచ్చ షేడు నంబరే అడిగారు. మీరు కూడా మొహమాటపడకండి, మీ హాలు కొలతలు పంపండి.