కొసరు మంజూరైంది

ఒక మందు ధర ఎంతో ఆ మందు చెప్పలేదు, రోగి చెప్పలేడు, డాక్టరు అసలే చెప్పడు. పక్క దేశం చెప్పాలి. అంతర్జాతీయ ధరల శాస్త్రంలో ఇది మొదటి సూత్రం. ఏ దేశమైనా మందు కొనే ముందు ఇరుగుపొరుగు దేశాలు ఎంతకు కొన్నాయో తొంగి చూస్తుంది. ఆ దేశాలు ఇంకో నాలుగు దేశాల వైపు తొంగి చూస్తాయి. ఇలా అందరూ అందరి గోడలూ ఎక్కి చూసుకున్నాక తేలేదే న్యాయమైన ధర. (మా వీధిలో ఇదే పని చేసేవాళ్లను ఆరాలు తీసేవాళ్లంటారు. అక్కడ డైరెక్టర్లంటారు.)

ఈ సూత్రం యూరప్ అంతా తిరిగి వచ్చి మా బందరులో శామ్యూల్ రాజ్‌కి తగిలింది. శామ్యూల్ గిలకలదిండి హార్బర్లో చేపల బోటు డ్రైవరు. అతనికి ఫిట్స్ పట్టుకున్నాయి. ఉన్న మందులన్నీ వాడి చూశాక, గుడివాడ డాక్టరుగారు ఓ విదేశీ కంపెనీ కొత్త బిళ్ల మీద జరుపుతున్న పరీక్షలో చేర్చారు. బిళ్ల పనిచేసింది. ఫిట్స్ ఆగిపోయాయి. అంత బాగా పనిచేసినందుకు కంపెనీ పరమానందభరితమై, పరీక్ష ముగించి, డబ్బాలో మిగిలిన బిళ్లలు కూడా వెనక్కి తీసుకుని, యూరప్‌లో అమ్మకాలు మొదలుపెట్టింది. ఇండియాలో మొదలుపెట్టలేదు. ఫిట్స్ మాత్రం ఆ నెలలోనే ఇక్కడ మళ్లీ మొదలయ్యాయి.

బోటు యజమాని ఏడుకొండలు చెడ్డవాడేం కాదు. "వేట నిషేధం ఎత్తేసేలోపు తగ్గించుకోరా శామ్యూలూ, చుక్కాని నీదే. తగ్గకపోతే సత్తిబాబుకి ఇవ్వాల్సొస్తుంది. బోట్లో నువ్వొక్కడివే ఉండవు కదా" అన్నాడు.

శామ్యూల్ తల్లి జ్ఞానమ్మ హార్బరు గేటు దగ్గర చేపలమ్ముతుంది. నేను ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఉత్తరాలు రాసే బాధ్యత నా మీద పడింది.

ముందు బీమా సంగతి చూశాం. చేపలవాళ్ల కోసమే 'అలల అండ' అని ఓ పథకం ఉంది. ఫిట్స్ వచ్చి పడి తల పగిలితే కుట్లకు ఇస్తుంది. పడకుండా వేసుకునే బిళ్లకు ఇవ్వదు. పడకపోతే నష్టం లేదు, నష్టం లేకపోతే పరిహారం ఏమిటి? ఈ తర్కంలో లోపం కోసం రెండు పూటలు వెతికి ఓడిపోయాను. అక్కడి ఆఫీసరు జీవన్ కుమార్ ఎంతో మర్యాదస్తుడు. "పడ్డాక తీసుకురండి సార్, నేనే దగ్గరుండి చూసుకుంటాను" అని భరోసా ఇచ్చాడు.

తర్వాత కంపెనీకి రాశాను. దాని విలువ నిర్ధారణ మండలి నుంచి జవాబొచ్చింది. మనిషి ఫిట్స్ లేకుండా బతికే ఒక ఏడాదికి ఒక్కో దేశంలో ఒక్కో విలువ ఉంటుందట. మన దేశపు ఏడాది ఈ బిళ్లకు సరితూగడం లేదట. గిలకలదిండిలో కూడా ఏడాదికి పన్నెండు నెలలేనని తిరిగి రాశాను. ఆ అంశాన్ని గమనించినట్లు మండలి తెలియజేసింది.

చివరికి కంపెనీ మనిషి నవ్యశ్రీ వీడియో కాల్లో దొరికింది. గుడివాడ పిల్లే, ఉద్యోగం హైదరాబాద్‌లో. హోదా మార్కెట్ యాక్సెస్ మేనేజర్. (మార్కెట్లో మందెందుకు లేదో ఓపిగ్గా చెప్పే ఉద్యోగం.)

"మన దేశానికి తగ్గించి ఇస్తే ఆ ధర అవతలి దేశాలు చూస్తాయండీ ఆంటీ. వాళ్లూ అంతకే అడుగుతారు. అందుకే ఇక్కడ ధరే పెట్టలేదు."

"ధర లేదంటే ఊరికే ఇస్తారా అమ్మాయ్?" అంది జ్ఞానమ్మ ఆశగా.

"ధర లేకపోతే మందు లేదండీ."

"మరి ఆ దేశాలన్నీ మీరు చెప్పిన రేటుకే కొంటున్నాయా?"

నవ్యశ్రీ గొంతు తగ్గించింది. "పైకి అదే రేటండీ. లోపల మాత్రం ఎవరికి తగ్గట్టు వాళ్లకి వేరే సర్దుబాటు. బయటికి చెప్పకూడదు."

జ్ఞానమ్మ మొహం విప్పారింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ, కొసరా! నేనూ అంతేగా. పక్కావిడ చూస్తుండగా పండుగప్ప రేటు చచ్చినా తగ్గించను. సంచిలో నాలుగు ముక్కలు ఎక్కువేసి, మాట్లాడకుండా వెళ్లమంటాను. మాకూ అలాగే కొసరెయ్యమ్మా. ప్రభువు సాక్షిగా ఎవరికీ చెప్పను."

"అడుగుతానండీ. మరీ గట్టిగా అడిగితే అసలుకే ఎసరొస్తుంది."

"అసలెక్కడుందమ్మా, ఎసరు రావడానికి?"

నవ్యశ్రీ మంచి పిల్ల. ఆ సాయంత్రమే పైకి రాసింది. ఇంగ్లీషులో సరైన మాట దొరక్క 'కొసరు' అని అలాగే పంపింది. చేపలకు కొసరంటే చేపలేననీ, మందుకు కొసరంటే మందేననీ విడిగా చెప్పాలని ఆమెకు తట్టలేదు. గుడివాడలో పుట్టినవాళ్లకు తట్టదు కూడా. కానీ అవతలి మండలిలో ఒక్కరూ గుడివాడలో పుట్టలేదు. వాళ్లు ఉపసంఘం వేసి, చర్చించి, ఈ విధంగా నిర్వచించారు. 'కొసరు: ఉత్పత్తి కానిదై, ఉత్పత్తికి తోడుగా ఇవ్వబడి, గ్రహీతకు ఆనందం కలిగించునది.' ఇందులో తగ్గింపు లేదు కాబట్టి ఏ దేశమూ తొంగి చూసే ప్రమాదం లేదు. మండలి ఏకగ్రీవంగా మంజూరు చేసింది.

మంజూరైందన్న మాట వినగానే జ్ఞానమ్మ ఆదివారం ప్రార్థనలో లేచి, ప్రభువు చేసిన మేలని సాక్ష్యం చెప్పింది. శామ్యూల్ మూలన పడేసిన రెయిన్‌కోటు తీసి ఉతుక్కున్నాడు. పార్సిల్ కోసం ముగ్గురం ఎదురుచూశాం. అది వేట నిషేధం ఎత్తేసిన రోజున వచ్చింది.

అప్పటికి బోట్లు బయల్దేరుతున్నాయి. ఏడుకొండలు బోటు చుక్కాని దగ్గర సత్తిబాబున్నాడు. శామ్యూల్ గట్టు మీద నిలబడి, ఆ బోటుకే ఐసు అందిస్తున్నాడు. ఒక్కసారి కూడా తలెత్తి చుక్కాని వైపు చూడలేదు.

అక్కడే పార్సిల్ విప్పాం. బిళ్లలు పెట్టుకునే అందమైన నీలం డబ్బా. ఏడు అరలు, ఏడు మూతలు. మూతల మీద ఆదివారం, సోమవారం అంటూ శ్రద్ధగా తెలుగులో అచ్చు వేయించారు. జ్ఞానమ్మ ఆదివారం మూత తీసింది. ఖాళీ. సోమవారం తీసింది. శనివారం దాకా ఒక్కొక్కటే తీసి, వేలు పెట్టి తడిమి, మళ్లీ జాగ్రత్తగా మూసింది.

"ఇంతకీ మందు ఏ వారమొస్తుంది మేష్టారూ?" అంది.

ఉన్న వారాలన్నీ చూసేశాం కనుక, ఎనిమిదో వారం సంగతి కనుక్కుంటూ కంపెనీకి రాశాను. అది ప్రస్తుతానికి యూరప్‌లో మాత్రమే దొరుకుతోందని జవాబొచ్చింది.