క్లిప్పు వెనకవైపు

పంటి క్లిప్పు ఊడగానే "ఏం తిన్నావు?" అని గుడ్లురిమే డాక్టర్లూ, నేరం మీది. నెపం తిండి మీదికి నెట్టి మీరు చేతులు దులుపుకుంటారు. చీవాట్లు తినేది మాత్రం పిల్ల.

ఒక టైల్స్ మేస్త్రీ కూతురికి వారం కిందట క్లిప్పులు వేశారు. నిన్న ఒకటి ఊడింది. ఈ ఉదయం ఎనిమిదింటికి దాన్ని అతికించుకుని, పదింటికి రైల్వే స్టేషన్లో మైకు ముందు చదివి చూపించాలి. నెగ్గితే అనౌన్సరు ఉద్యోగం.

డాక్టరు అతికించాడు. బస్సెక్కి "స్టేషన్ ఒకటి" అనగానే అది ఊడి కండక్టరు అరచేతిలో పడింది. పిల్ల వెనక్కి పరుగెత్తింది.

"వేరుశనగలు నమిలావా?" అన్నాడు డాక్టరు.

"నీళ్లే తాగానండీ."

"నీళ్లకి ఊడతాయా అమ్మా? నాకా చెప్తున్నావు?"

ఇంటికి ఫోను కూడా చేశాడు. నాయనమ్మ వంటింటి అలమరకి తాళం వేసింది. మేస్త్రీ పని ఆపి, సిమెంటు చేతులతోనే క్లినిక్కుకి వచ్చాడు. ఆ లోపల మరో రెండు ఊడాయి. తీగ పెదవికి అడ్డుపడి, పిల్ల "ప్లాట్‌ఫారం" అంటే ఈల వేసినట్టుంది.

"నిజం చెప్పవే, ఏం కొరికావు?"

"నీ మీద ఒట్టు నాన్నా, ఏమీ లేదు."

మేస్త్రీ ఊడిన క్లిప్పుని తిరగేసి గోటితో గీశాడు.

"డాక్టరుగారూ, వెనక ఇంత నున్నగా ఉందేంటండీ?"

"పెదవులకి గీసుకుంటున్నాయని అందరూ గోల. గరుకు ఎక్కడా ఉండొద్దని మా టెక్నీషియన్‌కి చెప్పాను."

"ఎక్కడా అన్నారు కదండీ, రెండువైపులా పాలిష్ పట్టాను" అన్నాడు టెక్నీషియన్ లోపలినుంచి, మెప్పు కోసం చూస్తూ.

"బాగుంది. వెనక నున్నటి టైలు నేను గోడకి పెడితే సాయంత్రానికి నెత్తిన పడుతుంది. ఆ గరుకులోకి దిగితేనే కదండీ ఏ జిగురైనా పట్టేది."

డాక్టరు సొరుగులోంచి పాలిష్ పట్టని క్లిప్పులు తీశాడు. వాటి వెనక సన్నటి జల్లెడలాంటి అల్లిక ఉంది. అతికించాక మేస్త్రీ ఒకదాన్ని పట్టి లాగి చూశాడు. క్లిప్పు రాలేదు, కూతురు కుర్చీలోంచి లేచి వచ్చింది.

గడియారంలో పదిన్నర దాటింది.

"ఇంటికి ఫోను చేసిన చేత్తోనే స్టేషన్‌కీ చెయ్యండి. ఆలస్యం మీవల్లేనని చెప్పండి. ఇప్పుడే, నా ఎదుటే" అంది పిల్ల.

డాక్టరు నసుగుతూ అంతా చెప్పాడు. అవతల అధికారి ఓపిగ్గా విన్నాడు.

"ముప్పావుగంటేగా, పంపించండి. ఇక్కడ దాన్ని ఆలస్యం అనం."