పోస్టు డబ్బా దాకా నడిచి రండి

సోమవారం పొద్దున పదింటికి కాటాగారు ఒక నిర్ణయానికి వచ్చారు. కిటికీలో ఉన్న ఆ కోటు అమ్ముడుపోకూడదు. ఎవరు అడ్డొచ్చినా సరే. అడ్డొచ్చేది కట్టుకున్న భార్యే కావడం, కొట్టు కూడా ఆవిడదే కావడం ఆ నిర్ణయంలో ఉన్న చిన్న ఇబ్బంది.

ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు కాబట్టి వీధి మొత్తానికీ ఆయన కాటాగారు. చెంచాడు పంచదారైనా కళ్ళతో తూచి గానీ కాఫీలో వెయ్యరు.

ఇంటి ముందుగదే కొట్టు. ఒక నిలువుటద్దం, ఒక కిటికీ, కిటికీలో తలలేని చెక్కబొమ్మ. పూసల గొలుసులూ చెవి లోలకులూ భార్య చేస్తుంది. బట్టలూ గుడ్డసంచులూ ఆవిడ చెల్లెలు కుట్టేది. ‘కుట్టేది’ అనాల్సి వచ్చి ఎనిమిది నెలలైంది.

మరదలు ఆఖరున కుట్టింది ఈ కోటే. బూడిదరంగుది, చేతుల్లేనిది. కాలరు మీద సన్నగా ఆకుల కుట్టు. పదకొండు గుండీలు, ఏ రెండూ ఒకలా ఉండవు. ఇంట్లో ఎవరి బట్ట చిరిగినా దాని గుండీ ఆ పిల్ల డబ్బాలోకి చేరేది. చిరగని బట్టల గుండీలూ చేరేవి. పైనుంచి నాలుగోది, నీలంది, కాటాగారి ఆఫీసు చొక్కాది. రిటైరైన రోజు ఆయన వేదిక మీద ఆ ఖాళీని చేత్తో మూసుకుని ఉపన్యాసం ఇచ్చారు. ఇంటికొచ్చి నిలదీస్తే, “మీ బనీనుకి కూడా సన్మానం జరగొద్దా బావా?” అంది. గుండీ మాత్రం తిరిగివ్వలేదు.

ఆ కోటు ఇన్నాళ్ళూ బీరువాలో ఉంది. సోమవారం పొద్దున భార్య దాన్ని తీసి, ఇస్త్రీ చేసి, బొమ్మకి తొడిగింది.

“అమ్మేస్తున్నావా?” అన్నారు కాటాగారు.

“కొట్లో పెడితే అమ్మరా, ఆరబెడతారా?”

“బీరువాలో బాగానే ఉంది కదా.”

“బీరువాకి చలేస్తోందని చెప్పిందా మీకు?”

ఆవిడతో వాదన అక్కడితో ఆగింది. మామూలుగా ఇంకా ముందే ఆగుతుంది.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. పెట్టింది మరదలే. ఏది కొనాలన్నా ముందు దాన్ని వేసుకుని వీధి చివరున్న పోస్టు డబ్బా దాకా నడిచి రావాలి. “అద్దం ముందు అందరూ బాగానే ఉంటారక్కా. నలుగురిలో నడిచొచ్చాక కూడా మనసు మారకపోతేనే డబ్బు పుచ్చుకో,” అనేది. అందుకే ఆ వీధిలో జనం కొత్త గొలుసులతో, ధర చీటీలు వేలాడే చొక్కాలతో పోస్టు డబ్బా దాకా వెళ్ళి, ఉత్తరం వెయ్యకుండా వెనక్కొస్తుంటారు.

పదకొండింటికి పళ్ళ డాక్టరమ్మ వచ్చి కోటు తొడుక్కుంది. మెట్ల మీద పేపరు చదువుతున్న కాటాగారు పేపరుతోనే అన్నట్టు అన్నారు. “వెనక అరంగుళం ఎత్తింది.”

“ఆయన మాటకేం గానీ మీరు నడిచి రండి,” అంది భార్య.

డాక్టరమ్మ నడిచి, వెలిగిపోతూ తిరిగొచ్చింది. భార్య ఆమెని ఎగాదిగా చూసి, “మీకు నప్పలేదండీ,” అని కోటు విప్పించి, ఆకుపచ్చ లోలకులు ఇచ్చి పంపేసింది.

తన అరంగుళమే పనిచేసిందని కాటాగారు పొంగిపోయారు. ఆ ఊపులో బొమ్మ వీపుని వీధివైపు తిప్పారు. భార్య మళ్ళీ ఇటు తిప్పింది. ఆయన అటు. ఆవిడ ఇటు. మధ్యాహ్నానికి ఆ బొమ్మకి తల లేదు గనక సరిపోయింది గానీ, ఉంటే తిరిగేది.

ఇలా కాదని ఆయన స్నేహితుణ్ణి రంగంలోకి దింపారు. ఈయన బస్సు కండక్టరుగా చేసిన మనిషి, అందరికీ రైట్‌రైట్‌గారు. ఆయన బస్సెక్కితే సీటుకి ఇద్దరన్న లెక్క తప్పేది.

“నువ్వు కొనేసి నాకిచ్చెయ్. నేను ట్రంకుపెట్టె అడుగున దాస్తాను,” అంటూ కాటాగారు డబ్బున్న కవరు చేతిలో పెట్టారు.

“ఒరేయ్, కోటు కొనాలంటే నడవాలి కదరా?”

“మీ ఆవిడకని చెప్పు. ఆవిడ ఊళ్ళో లేదను.”

“ఉంది కదా!”

“అందుకే లేదను.”

నాలుగింటికి రైట్‌రైట్‌గారు కొట్లోకి వచ్చారు. కాటాగారు అప్పటికే బట్టలు మార్చుకునే మూలన కర్టెను వెనక నిలబడి ఉన్నారు.

“చెల్లెమ్మా, ఆ కోటు మా ఆవిడకి కావాలి.”

“వదినగారినే రమ్మనండి అన్నయ్యగారూ, నడిచి చూస్తారు.”

“ఊళ్ళో లేదమ్మా.”

“ఇందాకే మందుల షాపులో కనబడ్డారే?”

“ఇందాక ఉంది. ఇప్పుడే లేదు.”

“అయితే మీరే నడిచి రండి. పద్ధతి పద్ధతే.” ఆవిడ అప్పటికే బొమ్మకి కోటు విప్పుతోంది.

రైట్‌రైట్‌గారు కర్టెనువైపు దీనంగా చూశారు. కర్టెను కదల్లేదు. భుజాలు ఎలాగో దూర్చి, ఊపిరి బిగబట్టి, ఒకే ఒక్క గుండీ పెట్టగలిగారు. పైనుంచి నాలుగోది.

“ఇదేంటమ్మా, గుండీలు నా చొక్కాకున్న వైపే ఉన్నాయి?”

“నడవండి అన్నయ్యగారూ.”

ఆయన నడిచారు. దర్జీ కత్తెర ఆపి నవ్వాడు. మందుల షాపతను చిల్లర ఇవ్వడం మరిచి చూశాడు. పోస్టు డబ్బా దగ్గరికి చేరేసరికి ఎదురుగా బస్సు. తోలుతున్నది పాత జతగాడే. బ్రేకు వేసి, “గురువుగారూ, ఇదేం వేషం?” అని అరిచాడు. కిటికీల నిండా తలకాయలు. బస్సు కదిలితే చాలన్న కంగారులో ఆయన గుండెలనిండా గాలి పీల్చి, “రైట్ రైట్!” అన్నారు.

ఆ గాలికి గుండీ సగం ఊడింది. కొట్టు గడప దాటుతూ “అమ్మయ్య” అనడంతో పూర్తిగా ఊడింది. నేలమీద పడి దొర్లుతూ వెళ్ళి కుట్టుమిషను కిందకి చేరింది.

“నా గుండీ!”

అరిచింది కర్టెను. మరుక్షణం అందులోంచి కాటాగారు బయటికి దూకి, బోర్లా పడుకుని మిషను కింద చెయ్యి పెట్టారు. దొరికాక కూడా వెంటనే లేవలేదు. గుప్పిట మూసి, అలాగే కాసేపు ఉండిపోయారు.

“లేవండి,” అంది భార్య మెల్లిగా. “మూడున్నర నుంచీ కర్టెను కింద మీ చెప్పులు నాకు కనబడుతూనే ఉన్నాయి.”

రైట్‌రైట్‌గారు కోటు విప్పి, కవరు బల్లమీద పెట్టి, మెట్లు దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

కాటాగారు లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. “అది ఎవరికీ అమ్మొద్దు,” అన్నారు. “నీకేం, అమ్మేస్తావు. నాకు... అది ఇంట్లో ఉండాలి.”

“మీకు కావాలంటే మీరే కొనండి.”

“నేనా? ఆడవాళ్ళ కోటా?”

“ముప్పై ఏళ్ళు కొలతలు చూసిన మనిషి కదా, చూడండి. గుండీలు ఏ వైపున్నాయి?”

ఆయన చూశారు. కుడివైపు. తన చొక్కావైపు చూసుకున్నారు. కుడివైపు. ఆడవాళ్ళ బట్టలకైతే ఎడమవైపుంటాయి. ఎనిమిది నెలల్లో బీరువా తీసి ఎన్నిసార్లు ముట్టుకున్నారో, ఒక్కసారీ ఈ సంగతి కనబడలేదు.

“మీ ఆఫీసు చొక్కా చెల్లి తీసింది గుండీ కోసం కాదు, కొలతల కోసం. గుండీ దారిలో ఊడొచ్చింది,” అంది భార్య సూదిలో దారం ఎక్కిస్తూ. “‘ఊరికే ఇవ్వకక్కా, బావ బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. కొనేదాకా ఏడిపించు’ అంది. నాకే ఇన్నాళ్ళూ తియ్యబుద్ధి కాలేదు. ఇవాళ తీశాను. డాక్టరమ్మకి నిజానికి బ్రహ్మాండంగా నప్పింది. ఎంత అబద్ధం ఆడించారు నాచేత! తొడుక్కోండి.”

తొడుక్కున్నారు. భుజం దగ్గర గానీ నడుము దగ్గర గానీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆవిడ ఆయన ఒంటిమీదే నీలం గుండీ కుడుతుంటే ఆయన పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డారు. దారం పళ్ళతో కొరకడానికి ఆవిడ వంగి, అక్కరకన్నా ఒక్క క్షణం ఎక్కువసేపు వంగే ఉంది.

“ఊఁ. ఇక నడిచి రండి.”

“నేను కూడానా?”

“పద్ధతి పద్ధతే.”

కాటాగారు వీధిలోకి దిగారు. దర్జీ మళ్ళీ కత్తెర ఆపాడు గానీ ఈసారి నవ్వలేదు. “కుట్టు అదిరింది సార్, ఎవరిది?” అన్నాడు. “మా మరదలిది,” అన్నారు ఆయన. ఎనిమిది నెలల తర్వాత ఆ మాటకి నోరు తిరగడానికి కాస్త సమయం పట్టింది. పోస్టు డబ్బా మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, వెనక్కొచ్చారు.

“మనసు మారిందా?” అంది భార్య. బల్లమీది కవరు ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది.

ఆయన నాలుగో గుండీని ఓసారి తడుముకున్నారు.

“సరిగ్గా తేలలేదు. రేపు ఇంకోసారి నడిచి చూస్తాను.”

ఆ ‘రేపు’ రోజూ వస్తోంది. రోజూ సాయంత్రం కోటు వేసుకుని, ఉత్తరం లేకుండా పోస్టు డబ్బా దాకా వెళ్ళొస్తున్నారు. ఇంత తేలని బేరం తన కొట్లో చూడలేదంటుంది భార్య. అలా అంటూనే పొద్దున్నే కోటుకి ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉంచుతుంది.