మెర్విన్ బిగించిన డ్రాయర్లు

ఆ శనివారానికి మెర్విన్ టక్‌వెల్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే బండి వెనక డ్రాయర్లు బిగించెయ్యాలి. భోంచేసి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఉత్తరంగా బయలుదేరాలి. పొద్దుగుంకి కంగారూలు రోడ్డెక్కేలోగా హాకర్ అనే ఊరు చేరి, మర్నాడు ఎడారి దారి పట్టాలి. డ్రాయర్లు తయారుగా ఉన్నాయి, బోల్టులు తయారుగా ఉన్నాయి, డ్రిల్లు రాత్రంతా చార్జింగులో ఉంది. ఇందులో చెడిపోవడానికి ఏముందో మెర్విన్‌కు తోచలేదు.

మెర్విన్‌కు ప్రయాణాలంటే ప్రాణం. ఉన్నమాట చెప్పాలంటే, ప్రయాణానికి సిద్ధం కావడమంటే ప్రాణం. రైల్వేలో రిటైరైన వారానికే పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. కంగారూ గుద్దుకున్నా చెక్కుచెదరకుండా ముందు ఇనుప కమ్ములు వేశాడు. ఏరు దాటేటప్పుడు ఇంజను ఊపిరి పీల్చుకోవడానికి పొడుగాటి గొట్టం పెట్టాడు. రెండు చలికాలాలు కష్టపడి కింద ఇంకో డీజిల్ ట్యాంకు అమర్చాడు. ఇన్ని హంగులున్న ఆ బండి అప్పటిదాకా చూసిన అతి భయంకరమైన దారి, తమ ఊరు పోర్ట్ అగస్టాలో సూపర్ మార్కెట్ వెనక గతుకుల పార్కింగు.

నోలాకు బండి మీద వ్యామోహం లేదు. ఆమె కోరిక ఒక్కటే, ఐర్ సరస్సులో నీళ్లు చూడాలని. ఏళ్ల తరబడి ఉప్పు పర్రగా పడి ఉండే ఆ సరస్సు ఎప్పుడో ఒకసారి నిండుతుంది. ఎక్కడెక్కడి గూడబాతులో కబురందినట్టు వేలకొద్దీ వచ్చి వాలతాయి. కొన్నాళ్లకు నీళ్లూ ఉండవు, పక్షులూ ఉండవు. ఇంతకుముందు అది నిండినప్పుడు మెర్విన్ బండి పైన సామాన్ల చట్రం కడుతున్నాడు. దానికి రంగు ఆరేసరికి సరస్సూ ఆరిపోయింది. మళ్లీ నిండినప్పుడు డీజిల్ ట్యాంకు పనిలో ఉన్నాడు. ఇప్పుడది మళ్లీ నిండింది. నోలాకు డెబ్బై దగ్గర పడుతోంది, ఇంకోసారికి తానుంటుందో లేదో అని ఈమధ్య పైకే అనడం మొదలుపెట్టింది.

"రోడ్డు తెరిచారట, రేడియోలో చెప్పాడు. బుధవారం మళ్లీ పెద్ద వాన ఉందట. అప్పుడు మూసేస్తే ఇక అంతే," అంది నోలా, రొట్టెకు వెన్న రాస్తూ.

"బుధవారానికి మనం గట్టున కూర్చుని టీ తాగుతుంటాం," అన్నాడు మెర్విన్.

"నాలుగు ప్లాస్టిక్ డబ్బాల్లో సామాను సర్దుకుని ఇప్పుడే పోదాం. లోకమంతా అలాగే పోతోంది."

"డబ్బాలా! ఆ గతుకులకి మూతలు ఊడి పిండీ, దుమ్మూ ఒకటైపోతాయి. నా డ్రాయర్లలోకి దుమ్ము రేణువు పోతే నా పేరు మార్చుకుంటా. ఒక్క గంట, నోలా. ఒకే ఒక్క గంట."

పక్కింటి కెల్విన్ తోటలో నీళ్ల గొట్టం వదిలేసి వచ్చి ఒక చెయ్యి వేశాడు. వెనక సీటు తీసేసిన చోట, ముందు సీట్ల వీపుదాకా డ్రాయర్ల పెట్టె జారి కూర్చుంది. రెండు పక్కలా వెంట్రుక దూరే సందు లేదు. దానికి మెర్విన్ స్వయంగా చేసిన గడియలు ఒక అద్భుతం. డ్రాయరు తోస్తే చాలు, టక్కున పడతాయి. ఇక బండి తలకిందులైనా తెరుచుకోవు. వాటిని విప్పే పిడులు మాత్రం ఇంకా బిగించలేదు. అవి చివరికి పెట్టుకుందామని జేబులో వేసుకున్నాడు.

ఇక పెట్టెను నేలకు బిగించాలి. డ్రాయర్లు బయటికి లాగి, అడుగున చిల్లులు వెయ్యడం మొదలుపెట్టాడు. మూడు చిల్లులు హాయిగా పడ్డాయి. ఆఖరిదానికి నేల కొంచెం ఎక్కువ మందంగా ఉన్నట్టు అనిపించింది. గట్టిగా అదిమితే పొడుగాటి ములుకు పిడిదాకా దిగిపోయింది.

"మెర్వ్," అన్నాడు కెల్విన్, వంగి బండి కిందికి చూస్తూ, "నీ బండి ఉచ్చ పోసుకుంటోందిరా."

రెండు చలికాలాలు కష్టపడి బిగించిన ట్యాంకు ఆ చిల్లుకు సరిగ్గా కింద ఉందని మెర్విన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ములుకు దాని అడుగు కూడా దాటేసింది. దాన్ని ముందురోజే అంచుదాకా నింపాడు కూడా. ఇద్దరూ బకెట్లు, గిన్నెలు, చివరికి నోలా కేకు కలుపుకునే పళ్లెం కూడా పట్టుకుని కింద దూరారు. అలాంటి చిల్లుకు ఎడారి వాళ్లు చేసే వైద్యం సబ్బు. కెల్విన్ లోపలికి పరిగెత్తి చేతికందిన సబ్బు తెచ్చాడు. అది నోలా ప్రయాణం కోసం దాచుకున్న లావెండర్ సబ్బు. దాన్ని పిసికి పిసికి ఇద్దరూ చిల్లులో కూరుతూ ఉండిపోయారు.

నోలా బయటికి వచ్చేసరికి డ్రాయర్లు బండిలో ఉన్నాయి, మొగుడు బండి కింద ఉన్నాడు. బండి కింద మొగుడుండటం ఆమెకు కొత్త కాదు గనుక అడగలేదు. పని అయిపోయిందనుకుని సంతోషపడింది. పిండి, టీ, డబ్బా చేపలు, దుప్పట్లు, తన బట్టలు, మెర్విన్ బట్టలు అన్నీ ముచ్చటగా సర్ది, రెండు డ్రాయర్లనూ లోపలికి తోసింది.

టక్. టక్.

ఆ చప్పుడుకు కింద నుంచి మెర్విన్ కెవ్వున అరిచాడు. "నోలా! మూసెయ్యలేదు కదా?"

"మూసేశా. ఎంత బాగా పడ్డాయో! నిజమే మెర్విన్, డబ్బాలకంటే ఇవే నయం."

ఆమె మెచ్చుకోవడం అదే మొదటిసారి. దాన్ని ఆస్వాదించే స్థితిలో అతను లేడు. సబ్బు నిలవడం లేదు. చిల్లును పైనుంచి మూయాలంటే డ్రాయర్లు రావాలి. డ్రాయర్లు రావాలంటే గడియలు విప్పాలి. పిడులు బిగించాలంటే డ్రాయరు తెరిచి లోపలి నుంచి బిగించాలి. ఇక మిగిలింది పెట్టె వెనక పలక విప్పి, చెయ్యి పెట్టి గడియ తప్పించడం. ఆ పలక ముందు సీటు వీపుకు అతుక్కుని ఉంది.

ఆ వీధిలో శనివారం పూట బండి తలుపు తెరిచి ఉంటే చాలు, మగవాళ్లంతా తలో పనిముట్టుతో వచ్చి వాలతారు. వచ్చినవాడు ఊరికే నిలబడితే మర్యాద కాదు. ఆ రోజు వచ్చినవాడు స్టావ్రోస్. ముప్పై ఏళ్లు విద్యుత్ కేంద్రంలో బాయిలర్లు విప్పిన చేతులు అవి. చిన్న స్పానరు వాడటం ఆయనకు నామోషీ.

"ఏంటి సంగతి?" అన్నాడు స్టావ్రోస్.

"ఆ పక్క సీటు తీసెయ్యాలి!" అని మెర్విన్ బండి కింద నుంచి అరిచాడు, మొహం మీద డీజిల్ తుడుచుకుంటూ.

స్టావ్రోస్ బండిలోకి తొంగిచూశాడు. బండి పక్కన నేల మీద ప్రయాణానికని తెచ్చిపెట్టిన బీరు ఫ్రిజ్ ఉంది. ఆయనకు అంతా అర్థమైపోయింది. ఎడారికి పోయేవాళ్లు చాలామంది చేసే పనే అది, పక్క సీటు తీసి ఆ చోట ఫ్రిజ్ పెట్టుకుంటారు. బోల్టులు తుప్పు పట్టి కదలకపోతే పెద్ద స్పానరు వేశాడు. తలలు విరిగిపోయాయి. మిగిలిన మొండేలు ఫ్రిజ్‌కు అడ్డమని యంత్రంతో నేలమట్టంగా కోసి, నున్నగా అరగదీసి, పైన రంగు కూడా పూశాడు. మెర్విన్ కింద నుంచి అరిచి చెబితే, పెట్టె వెనక పలక విప్పి గడియలు కూడా తప్పించాడు. ఫ్రిజ్ తెచ్చి సీటున్న చోట కూర్చోబెట్టి నాలుగు బోల్టులతో బిగించాడు. స్నేహితుడి కోసం ఇంతకంటే ఎవరూ చెయ్యలేరు.

ఈలోగా కింద ట్యాంకులోని డీజిల్ అంతా బకెట్లలోకి వచ్చేసింది, దాని గొట్టం తీసి కెల్విన్ బిరడా కొట్టాడు. అసలు ట్యాంకు నిండుగానే ఉంది గనుక బెంగ లేదు. మెర్విన్ పైకి లేచి, డ్రాయర్లను బోల్టులతో బిగించాడు, జేబులోని పిడులు పెట్టాడు. లాగితే వెన్నలా జారుతున్నాయి. బీరు సీసాల మూతలు లేచాయి. అప్పుడు మెర్విన్ ముందు తలుపు తెరిచాడు.

నోలా టోపీ, కళ్లజోడు పెట్టుకుని, ఎక్కడానికి సిద్ధంగా పక్కనే నిలబడి ఉంది. ఇద్దరూ ఫ్రిజ్ వంక చూశారు. ఆ క్షణంలో మెర్విన్ చెప్పాల్సిన మాటలు లోకంలో చాలా ఉన్నాయి. అతని నోట వచ్చింది మాత్రం వేరు.

"అబ్బ! ఎంత చక్కగా కుదిరిందో!"

కెల్విన్ తన నీళ్ల గొట్టం గుర్తొచ్చినట్టు అటు చూశాడు.

"నేనెక్కడ కూర్చోను?" అంది నోలా, చాలా నెమ్మదిగా.

"సీటు మళ్లీ బిగించెయ్యి," అన్నాడు మెర్విన్ గాభరాగా, స్టావ్రోస్‌తో.

"దేనికి బిగించను? బోల్టులన్నీ కోసి రంగేశా కదా," అన్నాడు స్టావ్రోస్. "సీటు అక్కర్లేదన్నావు కదరా!"

"తీసెయ్యమన్నా! అక్కర్లేదనలేదు!"

"నేల కోయించి మళ్లీ వెల్డింగు చేయించాలి. అడిలైడ్‌లో చేస్తారు. వచ్చే శనివారానికి రావచ్చు," అన్నాడు స్టావ్రోస్.

మెర్విన్ భార్య వైపు తిరిగాడు. "ఒక్క వారం, నోలా. ఈలోగా వెనక వైపు దీపం కూడా పెట్టేస్తా..."

నోలా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది మెర్విన్ చూశాడు. దీపం మాట ఎందుకెత్తానా అని తనను తాను తిట్టుకున్నాడు. కానీ ఆమె ఏడవలేదు. బండి చుట్టూ తిరిగి వెళ్లి వెనక డ్రాయరు లాగింది. మెర్విన్ బట్టలు తీసి, మడత చెదరకుండా అతని చేతుల్లో పెట్టింది. డ్రాయరు తోసింది. టక్. తరవాత డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చుని, అద్దం తనకు కనపడేలా తిప్పుకుంది. ఇరవై ఏళ్లు మట్టిరోడ్ల మీద బడి బస్సు నడిపిన మనిషి ఆమె.

"నోలా, మరి నేనో?"

"నీకు చోటెక్కడుంది మెర్విన్? నువ్వే కొలిచావుగా, వెంట్రుక దూరదన్నావు."

"ఒక్కదానివే ఎలా పోతావు?"

"ఈ బండంత సిద్ధంగా ఉన్న బండి దక్షిణ ఆస్ట్రేలియాలో ఇంకోటి లేదని నువ్వే చెప్పావు. నేను నమ్మాను." ఆమె బండి స్టార్ట్ చేసింది. "ఫ్రిజ్‌లో నీ బీర్లున్నాయి, తీసుకుంటావా?"

మెర్విన్ తల అడ్డంగా ఊపాడు. బండి వీధి మలుపు తిరిగి, ఉత్తరం దారి పట్టింది. కెల్విన్ టోపీ తీసి ఊపాడు. స్టావ్రోస్ ఊడదీసిన సీటును నీడలోకి జరిపి, అందులో కూర్చోమని మెర్విన్‌కు చూపించాడు. అతను కూర్చున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం, సరస్సుకు దగ్గరి ఊరు విలియం క్రీక్ నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికీ మెర్విన్ ఆ సీట్లోనే ఉన్నాడు. పక్కన కెల్విన్, స్టావ్రోస్ ఉన్నారు.

"నీళ్లున్నాయి, మెర్విన్," అంది నోలా. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "కంటికి ఆనినంత మేర నీళ్లే. గూడబాతులు... ఎన్నో నేను చెప్పలేను. డ్రాయరు తెరిచి దాని మీద కూర్చుని పొద్దున్నంతా చూస్తూనే ఉండిపోయా. నువ్వూ ఉండాల్సింది. నిజంగా ఉండాల్సింది."

ఆమె సంతోషం విని మెర్విన్‌కు ఎంత సంతోషం కలిగిందో, అక్కడ లేనందుకు అంత దుఃఖమూ వచ్చింది. చివరికి ఒకటే అడిగాడు.

"దుమ్ము పోయిందా లోపలికి?"

"ఒక్క రేణువు పోలేదు."

మెర్విన్ ఫోన్ పెట్టేసి, ప్రయాణం అన్ని విధాలా దిగ్విజయంగా సాగుతోందని మిత్రులకు ప్రకటించాడు.